రక్తం మాట, కంచం మాట

నాలుగేళ్ళ కిందట విజయవాడలో ఒక మైదానంలో పిల్లల ఆటలపోటీలు జరిగాయి. ఆడపిల్లల 1500 మీటర్ల పరుగు. దివిసీమ నుంచి నా వెంట వచ్చిన ఒక యానాది పిల్ల, తొమ్మిదో తరగతి, ఉత్తకాళ్ళతో పరిగెత్తి మొదట వచ్చింది. రెండో పిల్ల ఇంకా మలుపు దగ్గరే ఉంది. మైకు పట్టుకున్న పెద్దమనిషికి సంతోషం ఆగలేదు. "గిరిజన బిడ్డ కదండీ, పరుగు వాళ్ళ రక్తంలోనే ఉంటుంది!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను. ఈ వ్యాసంలో నేను తిట్టబోయేవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ పిల్ల పరుగు ఆర్నెల్లు కూడా సాగలేదు. పొద్దున లేస్తే మడమ నేలకి ఆనేది కాదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేశాక గానీ కాలు సాగేది కాదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు "నరం పట్టేసింది" అని సూదేశాడు, మాత్రలిచ్చాడు. నొప్పి తగ్గింది, మళ్ళీ పరిగెత్తించాం. పరిగెత్తించాం అంటే, పరిగెత్తించింది నేనే. పదో తరగతి పరీక్షలయ్యాక వాళ్ళ నాన్న వెంట రొయ్యల చెరువు కాపలాకి వెళ్ళిపోయింది. రక్తంలో ఉన్న పరుగు ఎటు పోయిందని మైకు పెద్దమనిషిని అడిగినవాడు లేడు. అడిగితే ఆయన దగ్గర జవాబు ఉండేది కూడా కాదు. రక్తంలో ఉన్నదానికి బూట్లెందుకు? గుడ్డెందుకు? ఏడాది పొడుగునా కోచ్ ఎందుకు? ఆ ఒక్క మాటతో ఎంత ఖర్చు మిగులుతుందో చూడండి.

ఈ రక్తం మాట మనకి కొత్త కాదు. నేను ఎరుకలవాణ్ణి. విజయవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటగానే అవతలి ఒడ్డున సీతానగరం వస్తుంది. ఒకప్పుడు అక్కడ మావాళ్ళని ఉంచిన సెటిల్‌మెంటు ఉండేది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం పేరు సినిమాల పుణ్యమా అని అందరికీ తెలుసు. సీతానగరం సంగతి బ్యారేజీ మీద రోజూ తిరిగే బెజవాడవాళ్ళకే తెలీదు. బ్రిటిష్‌వాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం చేశారు. 1911లో దాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికీ తెచ్చారు. మావాళ్ళని సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంట్లలోకి తోలారు. పేరు రిజిస్టరులో ఉండాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కొడుకు దొంగ అవుతాడు, అది పుట్టుకలోనే ఉంది, మాన్పడం కుదరదు అన్నది ఆ చట్టం చేసినవాళ్ళ వాదన. తొట్టిలో పసిపిల్లకి కూడా ఆ ముద్ర తప్పలేదు. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ బాపతు చట్టాలు పోయాయి.

చట్టానికి ముందు మావాళ్ళు ఏం చేసేవాళ్ళు? సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీదా ఎడ్ల మీదా వేసుకుని పైనాటికి నడిచి, ఉప్పు అమ్మి ధాన్యం తెచ్చేవాళ్ళు. తరాల తరబడి నడిచిన కాళ్ళవి. ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, రైలు వచ్చింది, ఆ వర్తకం కూలింది. కూల్చినవాళ్ళే మళ్ళీ వచ్చి, తిరుగుడు వీళ్ళ రక్తంలో ఉంది, దొంగతనం వీళ్ళ రక్తంలో ఉంది అని రాసుకున్నారు. మన భాషలో "పిక్కబలం చూపించాడు" అంటే పారిపోయాడని అర్థం కదా. ఎవరు ఎవరిని తరిమితే ఆ మాట పుట్టిందో గానీ, మా ఇళ్ళలో దాన్ని విని ఎవరూ నవ్వరు.

"దొంగతనం వాళ్ళ రక్తంలో ఉంది." "పరుగు వాళ్ళ రక్తంలో ఉంది." రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒక మాట తప్ప మిగతాదంతా ఒకటే. మొదటిదానికి మా తాత హాజరు పలికాడు, రెండోదానికి నేను చప్పట్లు కొట్టాను.

"అయితే మాస్టారూ, జన్యువులు అబద్ధమా?" అని మీలో సైన్సు చదివిన పిల్లలు అడుగుతారు. అడగాలి. అబద్ధం కాదు. అందుకే సంగతి మొదటినుంచీ చూద్దాం.

మేకకాళ్ళ పులుసు వండినప్పుడు ఎముకకి అతుక్కుని తెల్లగా, జిగురుజిగురుగా ఉడికే పట్టీ ఒకటి ఉంటుంది. అదే టెండన్. పాఠ్యపుస్తకంలో స్నాయుబంధకం అని ఉంటుంది. మన ఊళ్ళలో దాన్ని కూడా "నరం" అనేస్తాం గానీ నరం వేరు, ఇది వేరు. ఇది కండరాన్ని ఎముకకి కట్టే తాడు. ఒంట్లో ఇలాంటి తాళ్ళు చాలా ఉన్నాయి, అన్నిటికంటే లావుపాటిదీ గట్టిదీ పిక్కని మడమకి కట్టేది. వేళ్ళతో మడమ వెనక పట్టుకుంటే దొరుకుతుంది. ఎకిలీస్ టెండన్ అంటారు. నేను మడమ తాడు అంటాను.

కాలు నేలకి తగిలినప్పుడల్లా ఈ తాడు సాగుతుంది, కాలు లేచేటప్పుడు ముడుచుకుంటుంది. పరుగులో దానిమీద పడే లాగుడు మనిషి బరువుకి ఆరు రెట్లు దాటుతుంది. ఉండేలు రబ్బరులాగా, సాగినప్పుడు దాచుకున్న శక్తిలో 90 శాతానికి పైగా తిరిగి ఇచ్చేస్తుంది. 1987లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు లెక్కవేశారు: పరుగులో ఒక్కో అడుగుకీ చేతులు మారే శక్తిలో సుమారు మూడోవంతు ఈ మడమ తాడూ, ఆరోవంతు అరికాలి వంపూ దాచి తిరిగి ఇస్తాయి. అంటే సగం పరుగు ఊపిరితిత్తులు తినకుండానే వస్తుందన్నమాట. తాడు బాగున్నవాడు తక్కువ ఆయాసంతో ఎక్కువ దూరం పోతాడు. బాగోనివాడికి ఎంత దమ్మున్నా కాలు సహకరించదు.

ఈ తాడు పొడుగు, మడమ ఎముక ఆకారం, పిక్క ఎక్కడ ముగిసి తాడు ఎక్కడ మొదలవుతుంది అన్నవి కొంతవరకు అమ్మానాన్నల నుంచి వస్తాయి. కాదనను. తాడు అల్లికకి కావలసిన కొల్లాజెన్ అనే మాంసకృత్తిని తయారుచేయించే జన్యువులున్నాయి. వాటిలో సీవోఎల్5ఏ1 అనే దాంట్లో చిన్న తేడా ఉన్నవాళ్ళకి మడమ తాడు జబ్బు ఎక్కువ వస్తోందా అని దక్షిణాఫ్రికాలో, తర్వాత ఆస్ట్రేలియాలో చూశారు. సంబంధం కనిపించింది. వేరే చోట్ల వెతికితే ఒకచోట కనిపించింది, ఒకచోట లేదు. ఇంకోటి ఏసీటీఎన్3. పేపర్లవాళ్ళు దీనికి "వేగం జన్యువు" అని పేరుపెట్టారు. ప్రపంచంలో ఇంచుమించు ఐదోవంతు మందికి ఇది పనిచెయ్యదు, అయినా వాళ్ళు నిక్షేపంగా బతుకుతున్నారు. పెద్ద స్థాయి వంద మీటర్ల పరుగువాళ్ళలో ఇది పనిచేసేవాళ్ళే ఎక్కువన్నది నిజం. కానీ మనిషికీ మనిషికీ పరుగు వేగంలో ఉన్న తేడాలో ఇది చెప్పగలిగింది ఒకటి నుంచి మూడు శాతమే. జమైకాలో చూస్తే ఇంచుమించు దేశం మొత్తానికి ఇది ఉంది. బోల్టుకీ ఉంటుంది, బస్సు నడిపేవాడికీ ఉంటుంది. మరి జమైకా నుంచే అంతమంది ఎందుకొచ్చారు? వాళ్ళ బడిపిల్లల పోటీలు 1910 నుంచి నడుస్తున్నాయి. దేశం దేశమంతా వాటిని చూడటానికి స్టేడియానికి పోతుంది. ఆ సంగతి పేపర్లో పెద్ద అక్షరాల్లో రాదు, జన్యువు సంగతి వస్తుంది.

క్రీడాకారులకి జన్యు పరీక్షలు అమ్మే కంపెనీలు బయల్దేరాయి. ఉమ్మి పంపితే నీ బిడ్డ ఏ ఆటకి పనికొస్తాడో చెబుతామంటాయి. 2015లో ఈ రంగంలో పనిచేసే శాస్త్రజ్ఞులు కొందరు కూర్చుని ఉమ్మడి ప్రకటన రాశారు. ఏ పిల్లనీ పిల్లాడినీ ఆటకి ఎంపిక చెయ్యడానికి ఇలాంటి పరీక్షలు వాడకూడదని తేల్చి చెప్పారు. ప్రయోగశాలలో కూర్చున్నవాళ్ళే చెప్పలేమంటున్నదాన్ని మైకు పట్టుకున్నాయన మూడు నిమిషాల్లో చెప్పేశాడు, చూశారా!

అసలు "గిరిజన రక్తం" అనేది ఉందా? కృష్ణా డెల్టాలో మనం ఎవరం? పాత కృష్ణా జిల్లాలోనే ఎస్టీలం లక్షకి పైగా ఉన్నాం. యానాదులు, ఎరుకలవాళ్ళు, లంబాడీలు. కొండ ఎక్కనివాళ్ళం, బురదలో బతికేవాళ్ళం. మన భాషలు వేరు, వచ్చిన దారులు వేరు, పెళ్ళిళ్ళు వేరు. సవరలకీ యానాదులకీ ఏ తాత కలుస్తాడు? ఎస్టీ అనేది రాజ్యాంగం ప్రకారం రాసుకున్న జాబితా. అది మన హక్కు, దాన్ని ఎవరు ముట్టుకున్నా ఊరుకోం. కానీ అది జన్యువుల జాబితా కాదు. లంబాడీలు మన దగ్గర ఎస్టీ, సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. మనిషి బస్సులో కూర్చుని రాయచూరు వెళ్ళేలోగా మడమ తాడు మారిపోతుందా?

మన కుర్రాళ్ళ మీద కూడా నాకు కోపం ఉంది. వాట్సాప్ స్టేటసుల్లో విల్లు ఎక్కుపెట్టిన బొమ్మ పెట్టి "మా రక్తంలోనే ఉంది" అని రాసుకుంటున్నారు. తమ్ముడూ, గర్వపడు, వద్దనను. కానీ నీ గొప్ప రక్తంలో ఉందని నువ్వే అంటే, నీ తక్కువ కూడా రక్తంలోనే ఉందని రేపు ఇంకొకడు అంటాడు. లెక్కలు రాకపోతే రక్తం, తాగితే రక్తం, మధ్యలో బడి మానేస్తే రక్తం. ఆ తలుపు నువ్వు తీస్తే లోపలికి వచ్చేవాణ్ణి ఆపలేవు.

విలువిద్య సంగతే తీసుకుందాం, ఎలాగూ బెజవాడ ఇవాళ విలువిద్యకి పెట్టింది పేరు. వెన్నం జ్యోతి సురేఖ ఇక్కడి అమ్మాయి. పసితనంలోనే కృష్ణానది ఈదింది. తర్వాత బాణం పట్టింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విభాగంలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ కూడా ఇక్కడివాడే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టు పోటీలో నాలుగో స్థానం దాకా పోయాడు. వాళ్ళని చూస్తే నాకు గర్వం, మన ఊరి పిల్లలు. కానీ గమనించండి, సురేఖ గెలిచినప్పుడు "బాణం ఆమె రక్తంలో ఉంది" అని ఎవరూ రాయలేదు. ఎన్నేళ్ళు సాధన చేసింది, రోజుకి ఎన్ని గంటలు, తల్లిదండ్రులు ఎలా వెంట నిలబడ్డారు అని రాశారు. సరిగ్గా రాశారు. అలాగే రాయాలి. లక్షల ఖరీదు చేసే విల్లు, ఏడాది పొడుగునా మైదానం, పక్కన కోచ్ ఉంటేనే కదా ఆ పతకం వచ్చింది.

ఇప్పుడు లింబారామ్ సంగతి చూడండి. రాజస్థాన్ ఉదయపూర్ వైపు అహారీ ఆదివాసీ కుటుంబం. 1980ల్లో స్పోర్ట్స్ అథారిటీ వాళ్ళు అడవి ఊళ్ళు తిరిగి, వెదురు విల్లుతో బాణం వేసే పిల్లల్ని ఏరారు. అలా దొరికినవాడు ఆయన. 1992లో బీజింగ్‌లో ఆసియా పోటీల్లో 30 మీటర్ల దూరంలో 360కి 358 పాయింట్లు వేసి ప్రపంచ రికార్డుని అందుకున్నాడు. అర్జున ఇచ్చారు, పద్మశ్రీ ఇచ్చారు. ఆయన గురించి ఏది చదివినా మొదటి వాక్యంలోనే విల్లు పుట్టుకతో వచ్చిందని ఉంటుంది. తర్వాత ఒళ్ళు పాడై, డబ్బుకి ఇబ్బందిపడి మళ్ళీ వార్తల్లోకెక్కాడు. వెదురు విల్లుకీ పోటీ విల్లుకీ మధ్య దూరం ఎంతో, దాన్ని దాటడానికి ఆయన ఎన్నిసార్లు తీగ లాగాడో ఎవరూ లెక్కగట్టలేదు. పోటీ విల్లు తీగ లాగితే ఒక్కోసారీ 40, 45 పౌండ్ల బరువు వేళ్ళ తాళ్ళ మీదా భుజం తాళ్ళ మీదా పడుతుంది. రోజుకి కొన్ని వందలసార్లు లాగాలి. అహారీ భుజమైనా బెజవాడ భుజమైనా ఆ తాడు అరిగేది ఒకేలాగ.

ఆ రోజుల్లోనే, 1987లో, కర్ణాటక అడవుల్లోని సిద్దీ పిల్లల్ని కూడా ఇలాగే ఏరారు. వీళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చారు కాబట్టి పరుగు పుట్టుకతోనే వస్తుంది, ఒలింపిక్ పతకాలు పండుతాయి అనుకున్నారు. కొందరు పిల్లలు జాతీయ స్థాయికి వచ్చారు కూడా. కొన్నేళ్ళకే పథకం ఆపేశారు, పిల్లలు ఊళ్ళకి తిరిగిపోయారు. పతకం చెట్టుకి కాయలా కాస్తుందనుకున్నవాళ్ళకి, నీళ్ళు పొయ్యడం విసుగే.

దీనికి ఎదురు ఉదాహరణ మన మధ్యే ఉంది. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల తండా పిల్ల, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతోపాటు ఖమ్మం నుంచి దళిత కుర్రాడు ఆనంద్‌కుమార్ ఎక్కాడు. ముందు భువనగిరి గుట్ట మీద నేర్పారు, తర్వాత డార్జిలింగ్ పంపారు, తర్వాత లద్దాఖ్ చలిలో ఉంచారు. తిండి పెట్టారు, బూట్లిచ్చారు, నెలల తరబడి వెంట ఉన్నారు. తండా పిల్లలకి కొండ రక్తంలో ఉందని ఎవరైనా అంటే, గుట్ట మీద కూర్చోబెట్టి ఇంటికి పంపేవాళ్ళు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ వ్యాసం రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఇదే.

1955 నుంచి 1963 దాకా పెద్ద దేశాలు ఆకాశంలో అణుబాంబులు పేల్చి చూశాయి. దానివల్ల గాలిలో ఒకరకం కార్బన్ పెరిగింది, తర్వాత మెల్లగా తగ్గుతూ వచ్చింది. గాలిలో ఉన్నది చెట్టులోకి, చెట్టులో ఉన్నది మనిషి ఒంట్లోకి వస్తుంది. అందుకే ఒంట్లో ఏ భాగం ఏ సంవత్సరంలో తయారైందో ఆ కార్బన్ పాలుని బట్టి చెప్పొచ్చు. డెన్మార్క్ పరిశోధకులు 2013లో ఈ పద్ధతిలో మడమ తాడుని చూశారు. తాడు నడిమధ్య భాగం మనిషి ఎత్తు పెరిగే వయసులో తయారవుతుంది, ఇంచుమించు 17 ఏళ్ళ తర్వాత అది కొత్తగా మారదు అని తేలింది. కండ రోజూ కరిగి కట్టుకుంటుంది. ఎముక కూడా మెల్లగా మారుతుంది. ఈ తాడు మధ్యభాగం మాత్రం పిల్లప్పుడు ఏది కట్టుకున్నామో ముసలితనం దాకా దాంతోనే గడపాలి.

మాస్టార్లూ, టీచరమ్మలూ, ఈ మాట రెండోసారి చదవండి. 17 ఏళ్ళ లోపు అంటే ఏమిటి? మన హాస్టలు వయసు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా. మన పిల్లల మడమ తాడు తయారయ్యే కార్ఖానా మన మెస్సు. తాడు అల్లడానికి మాంసకృత్తులు కావాలి, కొల్లాజెన్ పోగులు గట్టిపడటానికి సి విటమిన్ కావాలి. సి విటమిన్ బొత్తిగా లేకపోతే చిగుళ్ళనుంచి రక్తం కారే స్కర్వీ జబ్బు వస్తుందని చదువుకున్నాం కదా, అదీ కొల్లాజెన్ సరిగ్గా కట్టుకోకపోవడమే. నీళ్ళచారూ అన్నంతో అది కట్టుకోదు. గుడ్డు వారంలో ఎన్నిరోజులు వేస్తున్నారు, వేసినట్టు రాస్తున్నారా, నిజంగా వేస్తున్నారా? కాయో పండో పిల్ల చేతికి వస్తోందా, స్టోరు రూములో కుళ్ళుతోందా? పిల్ల తాడు గురించి జన్యువు చెప్పేదానికంటే ఈ రిజిస్టరు చెప్పేది ఎక్కువ.

తమాషా ఏమిటంటే, ఈ తిండి మనకి తెలిసిందే. యానాది ఇంట్లో ఎండ్రకాయలు, చేపలు, పొలం ఎలుకలు. మా ఇళ్ళలో కాళ్ళ పులుసు, పంది చర్మం. అడవి దగ్గరివాళ్ళకి ఉసిరికాయ. 2017లో ఎనిమిదిమంది మగవాళ్ళతో చిన్న పరిశోధన ఒకటి చేశారు. జెలాటిన్, అంటే మన కాళ్ళ పులుసు గడ్డకట్టినప్పుడు ఉండే జిగురే, దాంతోపాటు సి విటమిన్ తాగించి, గంట ఆగి ఆరు నిమిషాలు తాడాట ఆడించారు. కొల్లాజెన్ తయారీ గుర్తులు రక్తంలో రెట్టింపయ్యాయి. ఎనిమిదిమంది లెక్క పెద్ద లెక్క కాదు, దీన్ని పట్టుకుని నేను ఎగరను. కానీ మన పిల్లల టిఫిను డబ్బాలో ఏముందని ముక్కు మూసుకున్నవాళ్ళు ఇవాళ అదే జిగురుని పొడి చేసి డబ్బాల్లో వేలకి వేలు పోసి కొంటున్నారు. అది మాత్రం చెప్పకుండా ఉండలేను.

రక్తం సంగతే మాట్లాడదామంటే, మాట్లాడదాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనతే. పరుగు ఏ రక్తంలో ఉందండీ, రక్తమే లేకపోతే? ఇంకొకటి సికిల్‌సెల్. ఇది నిజంగా జన్యువే. మన దేశంలో దీన్ని మొదట 1952లో నీలగిరి ఆదివాసుల్లో చూశారు. జబ్బు ఉన్నవాళ్ళకి గట్టి పరుగు ప్రమాదం. ఒక్క జన్యువే ఉన్నవాళ్ళు మామూలుగా ఆడుకోవచ్చు, కానీ ఎండలో నీళ్ళు తాగనివ్వకుండా ఒకేబిగిన పరిగెత్తిస్తే అరుదుగా ప్రాణం మీదకి వస్తుంది. అమెరికాలో పెద్ద కాలేజీల క్రీడాకారుల విషయంలో 2010 నుంచి దీన్ని పట్టించుకోక తప్పని నియమం పెట్టారు. మన దేశంలో 2023 జూలై 1న దీని నిర్మూలనకి జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 7 కోట్లమందికి పరీక్ష చేస్తామన్నారు. మీ బడిలో ఎంతమంది పిల్లల దగ్గర ఆ కార్డు ఉంది? మన జన్యువుల మీద అంత మోజు ఉన్నవాళ్ళు ముందు ఈ జన్యువుని చూడొచ్చు.

నా తప్పు ఎక్కడుందో కూడా చెబుతాను, ఇంకో డ్రిల్లు మాస్టారు చెయ్యకుండా ఉంటాడని. ఆ పిల్ల చిన్నప్పటినుంచి వరిచేలో బురదలో నడిచింది. కాలువ గట్టున ఎలుకల బొరియలకి కుండతో పొగబెట్టే తండ్రి వెంట పరిగెత్తింది. మెత్తటి నేల, మెల్లటి బరువు, ఏళ్ళ తరబడి. తాడుకి అలాంటి పనే ఇష్టం. నేనేం చేశాను? పోటీలు పదిహేను రోజుల్లో ఉన్నాయనగా గట్టినేల మీద పొద్దునా సాయంత్రం పరిగెత్తించాను. కండ నాలుగైదు వారాల్లో బలపడుతుంది. తాడుకి నెలలు పడుతుంది. కండ సిద్ధంగా ఉంది కాబట్టి పిల్ల పరిగెత్తింది, గెలిచింది. తాడు సిద్ధంగా లేదు. ఆ తేడాలోనే ఆ పిల్ల కాలు పోయింది.

మడమ నొప్పి అన్న ప్రతి పిల్లదీ తాడు జబ్బే కాదు. ఎనిమిది నుంచి పద్నాలుగు లోపు పిల్లల్లో మడమ ఎముక ఇంకా పెరుగుతూ ఉంటుంది, ఆ పెరిగే చోట నొప్పి వస్తుంది, పరుగు తగ్గిస్తే అదే పోతుంది. ఏదైనా సరే, రెండు వారాలు దాటిన నొప్పిని ఎముకల డాక్టరుకి చూపించాలి. ఊళ్ళో సూది వద్దు. స్టెరాయిడ్ సూది మడమ తాడు దగ్గర వేస్తే నొప్పి మాయమవుతుంది, తాడు బలహీనపడి తెగే ప్రమాదం వస్తుంది. జ్వరానికీ విరేచనాలకీ చీటీ లేకుండా ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్ రకం మందులు టెండన్లని దెబ్బతీస్తాయని 2008లోనే అమెరికా మందుల సంస్థ నల్లగళ్ళ హెచ్చరిక వేయించింది. ఆ పిల్లకి వేసిన సూది ఏమిటో, మాత్రలు ఏమిటో నేను అడగలేదు. మందు పేరు అడగాలన్న ఆలోచనే రాలేదు నాకు.

ఇప్పుడు జూన్‌లోనే మొదలుపెడుతున్నాను. మెట్టు అంచున ముందుపాదం ఆనించి, మడమ మెల్లగా దించడం, మెల్లగా లేపడం. మొదటి నెల అంతే. తర్వాత గెంతడం, తర్వాత కాలువగట్టు మీద పరుగు, గట్టినేల ఆఖర్న. వారంలో రెండు రోజులు సెలవు. ఎవరెంత దూరం పరిగెత్తారో, ఆ రోజు ఏం తిన్నారో పిల్లలే నోటుపుస్తకంలో రాస్తారు. తిండి గడిలో మూడురోజులు వరసగా "చారు" అని ఉంటే ఆ పేజీ ఫొటో తీసి పైకి పంపుతాను. పైవాళ్ళకి నా మీద ప్రేమ తగ్గింది, మెస్సులో గుడ్లు కొంచెం పెరిగాయి.

మొన్న శీతాకాలం పోటీలకి ఏడుగురు పిల్లల్ని తీసుకెళ్ళాను. మైకు దగ్గరికి ముందే చీటీ పంపాను. పిల్ల పేరు, ఊరు, ఏడు నెలలుగా సాధన చేస్తోంది, జూన్‌లో ఆమె టైము ఇంత, ఇప్పటి టైము ఇంత. మైకు పట్టుకున్నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత చదవాలా మాస్టారూ?" అన్నాడు. చదవాలండీ అన్నాను, చదివేదాకా ఆ బల్ల పక్కనే నిలబడ్డాను.